ముందు మీరు కానివ్వండి

ఇన్సూరెన్స్ కార్డు మీద తేదీ దాటిపోయిందని ఆ రోజు పొద్దున్నే ఒక పెద్దమనిషిని వెనక్కి పంపింది గిరిజ. అలా పంపాల్సి వచ్చినప్పుడల్లా ఆమె ముఖమే చిన్నబోతుంది. అమెరికాలో నేపర్‌విల్ అనే ఊళ్ళోని ఆ పళ్ళ డాక్టరు ఆఫీసులో ముందు బల్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. పొట్టి మనిషి. చెవుల పక్కన నెరిసిన జుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళద్దాలు. కార్డు అందుకోగానే ముందు తేదీ చూసి, ఆ తర్వాతే మనిషిని చూసి నవ్వడం ఆమె అలవాటు.

ఆ రోజు మాత్రం నవ్వే ముందొచ్చేస్తోంది. సాయంత్రం విమానం ఎక్కాలి. ఒక సెమిస్టర్ చదవడానికి లండన్ వెళ్ళిన కూతురు ఇషా, ఈ వారాంతానికి నీస్ వెళ్తూ అమ్మానాన్నల్ని కూడా రమ్మంది. ఫ్రాన్సులో సముద్రం ఒడ్డున, ఎండ పుష్కలంగా కాసే ఊరట. సోమవారం మెమోరియల్ డే సెలవు కలిసొచ్చింది. భర్త హరనాథ్ ఆఫీసులో కూర్చునే టికెట్లు బుక్ చేసేశాడు.

“అమ్మా, దిస్ టైమ్ నువ్వు వాటర్‌లోకి రావాలి, ఓకే? ఆల్వేస్ బ్యాగ్స్ చూస్తూ కూర్చుంటావ్,” అంది ఇషా ఫోన్లో.

నిజమే. ఎన్ని స్విమ్మింగ్ పూల్స్‌కు, ఎన్ని బీచ్‌లకు వెళ్ళినా గిరిజ కాపలా కాసింది చెప్పులకూ తువ్వాళ్ళకే. చిన్నప్పుడు ఇషా నీళ్ళలోంచి చెయ్యూపి పిలిచేది. “ముందు మీరు కానివ్వండి, నేను తర్వాత వస్తాలే,” అనేది గిరిజ. ఆ తర్వాత ఏనాడూ రాలేదు. ఒక వేసవిలో పిల్ల పిలవడం మానేసింది. ఆ రోజు గిరిజ గుండె చివుక్కుమంది. ఇంట్లోనూ అదే వరస. వేడి దోసె రుచి పెళ్ళికి ముందు ఎప్పుడో తెలుసు ఆమెకు.

అందుకే మొన్న చలికాలమంతా యోగా క్లాసని ఇంట్లో చెప్పి, ఊరి పూల్‌లో ఈత నేర్చుకోవడానికి వెళ్ళింది. పళ్ళూడిన పిల్లల మధ్య గట్టు పట్టుకుని కాళ్ళాడించింది. ముక్కులోకి నీళ్ళు పోయి ఉక్కిరిబిక్కిరయింది. ఏప్రిల్లో ఒకరోజు గట్టు వదిలేసింది. మునగలేదు. ఎవరితోనూ చెప్పుకోలేదు. పిల్ల కళ్ళ ముందే సముద్రంలోకి నడిచి వెళ్ళాలి, అది నోరు తెరుచుకుని చూడాలి. ఆమె కోరికల్లా అదొక్కటే.

మధ్యాహ్నం సెలవు పెట్టి, హరనాథ్‌తో కలిసి ఓహేర్ ఎయిర్‌పోర్టుకు చేరింది. కౌంటర్లో అమ్మాయి గిరిజ పాస్‌పోర్టును అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఫ్రాన్సుకు వీసా ఏదీ అని అడిగింది. గ్రీన్‌కార్డు చూపించాడు హరనాథ్. అది అమెరికాకు తిరిగి రావడానికి పనికొస్తుందే తప్ప ఫ్రాన్సులో దిగడానికి కాదంది ఆ అమ్మాయి, మర్యాదగానే.

ఇషా ఇక్కడే పుట్టింది. హరనాథ్ ఎప్పుడో సిటిజన్ అయ్యాడు. వాళ్ళిద్దరికీ వీసా అక్కర్లేదు గనక ఇంట్లో వీసా అన్న మాటే మర్చిపోయారు. గిరిజది మాత్రం ఇంకా ఇండియా పాస్‌పోర్టే. సిటిజన్‌షిప్‌కు అప్లై చేసేనాడు కూడా, “ముందు మీది కానివ్వండి, నాది తర్వాత చూద్దాం,” అన్నది తనే. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఊరందరి కార్డులూ చూసే మనిషి తన పాస్‌పోర్టు సంగతి మరిచిపోయింది.

“నా తప్పే గిరిజా. బుక్ చేసేటప్పుడు అసలు స్ట్రైక్ అవలేదు. నేనూ క్యాన్సిల్ చేసేస్తా,” అన్నాడు హరనాథ్.

“ఎందుకండీ, పిల్ల ఒక్కతే అక్కడ దిక్కులు చూస్తూ కూర్చోవాలా? ముందు మీరు వెళ్ళండి.”

అనేసిన తర్వాత తన మాట తన చెవినే పడింది. ఏళ్ళ తరబడి అంటున్నదే. మొదటిసారి అది ఆమెకు చేదుగా తగిలింది. అక్కడే నేల మీద కూర్చుని సున్నుండల డబ్బా, కారప్పొడి తన పెట్టెలోంచి తీసి అతని పెట్టెలో సర్దింది. బెల్టు చేత్తో పట్టుకుని సెక్యూరిటీ దాటుతూ అతను వెనక్కి తిరిగి చూశాడు. చెయ్యూపింది. అతను జనంలో కలిసిపోయాడు.

కార్లో కూర్చుని ఇషాకు ఫోన్ చేసి సంగతి చెప్పింది.

“సీరియస్‌లీ, అమ్మా?” అంది ఇషా. తల్లి బాధపడుతుందని కాబోలు, ఆ వెంటనే నవ్వబోయింది. “ఇట్స్ ఓకే. వచ్చినా నువ్వు ఒడ్డు మీదే కూర్చుంటావ్ కదా.”

“లేదే తల్లీ. నాకు ఈత వచ్చు. నేర్చుకున్నాను.”

అవతల నవ్వు ఆగిపోయింది. “ఎప్పుడు? నాకు చెప్పలేదేంటి?”

“నీకు చూపిద్దామని,” అంది గిరిజ.

ఫోన్ పెట్టేశాక కారు స్టార్ట్ చేయడానికి చాలాసేపు పట్టింది. విండ్‌షీల్డ్‌లోంచి సాయంత్రపు ఎండ లోపలికి పడుతోంది. పక్క సీట్లో సరిగ్గా మూతపడని పెట్టెలోంచి, ధర చీటీ ఇంకా తెంపని నీలం రంగు స్విమ్‌సూట్ భుజం పట్టీ ఒకటి బయటికి వేలాడుతోంది.