పేరు పెట్టని సరస్సు

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ఇంట్లో సోఫా పడవైపోయేది. నమ్మకపోతే మీ ఇష్టం. కిటికీకి ఆకుపచ్చ తెర లాగేవారు. ఫ్యాను గాలికి తెర ఊగుతుంటే గదంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు మెల్లగా కదిలేది. పడవ ముందు భాగంలో పిచ్చుక, మధ్యలో అమ్మమ్మ, ఆవిడ పక్కన పిచ్చుక తల్లి, చిట్టచివర చీపురు కర్ర పట్టుకుని బైండరు. చీపురు కర్రే తెడ్డు. అమ్మమ్మకి మాత్రం పడవలో కూడా నడుముకి దిండు కావాలి.

పిచ్చుక పదకొండేళ్ళ పిల్ల. సన్నగా, చురుగ్గా ఉంటుందని చిన్నప్పుడు పెట్టిన పేరు, అలాగే ఉండిపోయింది. కన్నతండ్రి జబ్బు చేసి పోయి ఆరేళ్ళు. తల్లి ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఆమెని బైండరు చేసుకుని రెండేళ్ళయింది. అచ్చాపీసుని ఆనుకుని ఉన్న గదిలో పద్దెనిమిదేళ్ళుగా పుస్తకాలు కుడుతున్నాడతను. చేతులు కడుక్కున్నా వేళ్ళకి జిగురు వాసన పోదు. మనిషి నోట్లో నాలుక లేనివాడు. పది మాటలు అవసరమైన చోట రెండు మాటలతో సరిపెట్టుకునే రకం.

ఆ పిల్ల అతన్ని ఏమనీ పిలవదు. అదీ అతని బాధ. తల్లితో పనుంటే ఏ గదిలో ఉన్నా "అమ్మా" అని ఒక్క కేక పెడుతుంది. అతనితో పని పడిందంటే మాత్రం లేచి, నడిచొచ్చి, ఎదురుగా నిలబడి, అతను తలెత్తే దాకా ఆగి, అప్పుడు మొదలుపెడుతుంది. "మీ దగ్గర కత్తెర ఉందా?" మర్యాదకేం లోటు లేదు. పిలుపే లేదు.

"బాబాయ్ అనవే," అంది ఒకసారి అమ్మమ్మ.

"బాబాయంటే నాన్న తమ్ముడు కదా. ఈయన కాదుగా."

"పోనీ నాన్నా అను. తప్పేముంది?"

"ఆ మాట నాన్నది," అంది పిల్ల.

అమ్మమ్మ నోరు మూయించడం మామూలు పని కాదు. ఆ రోజు మూతపడింది. గుమ్మం అవతల చెప్పులు విప్పుతున్న బైండరు అంతా విన్నాడు. పిల్ల మీద కోపం రాలేదు. ఎందుకొస్తుంది, అన్నది నిజమే కదా. కానీ పక్క గదిలోంచి తనకోసం ఒక్క కేక, ఏదో ఒక పేరుతో, వినిపిస్తే బాగుండునని అతనికి ఎంత ఆశో చెప్పలేను. అంతకు మించి ఆ మనిషి దేవుణ్ణి ఏమీ అడగలేదు.

ఈ పడవ ప్రయాణం పిచ్చి ఎలా పట్టిందంటే, స్కూలు పుస్తకాల అట్టల వల్ల. అచ్చాపీసులో పాడైన కాగితాలన్నీ బైండరు గదిలో ఒక మూలకి చేరతాయి. గట్టి కాగితం, పారేయడానికి మనసొప్పదు. ఏటా వాటితోనే పిల్ల పుస్తకాలకి అట్టలు వేసేవాడు. కిందటేడు అలా తెచ్చిన వాటిల్లో ఒక పెద్ద మ్యాపు ఉంది. ఎండా వానా ఒకదాని వెంట ఒకటి తరుముకునే వేడి దేశం, సగం అడవి. పిల్ల దాన్ని లెక్కల పుస్తకానికి వేయనివ్వలేదు. నేల మీద పరిచి, బోర్లా పడుకుని, చాలాసేపు చూసి, లేచొచ్చి అతని ముందు నిలబడింది.

"ఈ సరస్సుకి పేరు లేదేం?"

అడవి నట్టనడుమ నిండు నీలం సరస్సు, మనిషి ఎడమ చెవిలా ఉంది. నిజమే, పేరు లేదు. కత్తెర కోసం కాకుండా ఆ పిల్ల అతన్ని అడిగిన మొదటి ప్రశ్న అది. బైండరుకి ప్రాణం లేచొచ్చింది. ఏదో ఒకటి చెప్పకపోతే పిల్ల వెళ్ళిపోతుందని భయం.

"ఇంకా ఎవరూ పెట్టలేదు," అన్నాడు. "చూసినవాళ్ళు పెట్టాలి."

"మరి ఈ ఊరి పేరు నీళ్ళ మీద ఉందేం?"

"అది తేలే ఊరు. ఇళ్ళన్నీ తెప్పల మీద కట్టుకుంటారు. పక్కింటివాళ్ళతో గొడవైతే తాడు విప్పేసుకుని ఇంకో వీధికి పోతారు."

"రోడ్డు ఈ పక్క నీళ్ళలోకి దిగి ఆ పక్క పైకొచ్చింది."

"అక్కడ బస్సులు ఈదుతాయి."

"నది కొండెక్కుతోంది."

"అక్కడి వానలు నువ్వు చూడలేదు," అన్నాడు బైండరు, తానేదో చూసినట్టు.

రెండు మాటల మనిషి ఆ మధ్యాహ్నం అన్ని మాటలు ఎక్కణ్ణించి తెచ్చాడో అతనికే తెలియదు. భార్య టీ తెచ్చి, గుమ్మంలోనే నిలబడి వింది. టీ చల్లారిపోయింది. చివరికి పిల్ల అడిగింది. "ఇక్కడికి మనం వెళ్ళొచ్చా?"

అలా మొదలైంది. వాడుకోని సెలవులు మొగుడూ పెళ్ళాలిద్దరికీ పోగుపడి ఉన్నాయి. వచ్చే వేసవికి పన్నెండు రోజులు అనుకున్నారు. బైండరు మంచి కాగితం ఏరి, ప్రయాణం కోసమే ఒక పుస్తకం కుట్టాడు. తడిసినా చెడకుండా మైనపు గుడ్డ అట్ట వేశాడు. ఆదివారం ఆదివారం పిల్ల అందులో రాసేది. మొదటిరోజు తాళ్ళ వంతెన. రెండో రోజు జలపాతం వెనక్కి నడిచి, నీటి తెర లోపలినుంచి లోకాన్ని చూడటం. ఆ తర్వాత మూడు రోజులు సరస్సు. ఒడ్డున గుడారం, చెట్ల మధ్య ఉయ్యాల పడకలు, పొద్దున్నే పడవ. చెట్టు మీద పడుకోవడం తన వల్ల కాదని అమ్మమ్మ ముందే తేల్చి చెప్పింది. ఈదే బస్సుకి మాత్రం ఒప్పుకుంది, కిటికీ పక్క సీటిస్తే.

పిల్ల ఎక్కడ చదివిందో, ఒక ఆదివారం సోఫా మీద ముందు కూర్చుని అంది. "ముందున్నవాళ్ళు వెనక్కి తిరక్కూడదట. తిరిగితే పడవ బోల్తా పడుతుందట."

"తిరక్కు మరి," అంది తల్లి.

"తిరక్కుండా వెనకున్న మనిషిని ఎలా పిలవాలి? రాయి అడ్డొస్తే?"

"ఏమండీ అను, మీ అమ్మలాగా," అంది అమ్మమ్మ. తల్లి ఫక్కున నవ్వింది. బైండరు నవ్వలేదు. చీపురు కర్ర గట్టిగా పట్టుకుని పిల్ల జడ వంకే చూస్తున్నాడు.

"ఆలోచిస్తా," అంది పిల్ల. "సరస్సు మధ్యకి వెళ్ళాక చెబుతా. అప్పటిదాకా చెక్క మీద రెండుసార్లు కొడతా. అదే గుర్తు." పుస్తకం తీసి, ఇంకా తేలనివన్నీ రాసే పేజీలో, సరస్సు పేరు అని రాసిన దాని కింద, వెనక కూర్చునే మనిషి పేరు అని రాసుకుంది.

ఆ రోజునుంచీ బైండరుకి నేల మీద కాలు నిలవలేదు. పని బల్ల ముందు కూర్చుని అచ్చు కాగితాల ఫారాలు కుడుతుంటే సూది మునుగుతూ తేలుతూ తెడ్డులా పోయేది. దారం వెనక నీళ్ళు విడిపోయి మళ్ళీ కలుసుకునేవి. జిగురు ఆరేలోగా అతను సరస్సు సగం దాటేవాడు. నీలం మధ్యలో ఆగేవాడు. ముందు కూర్చున్న పిల్ల నోరు తెరిచేది. ఏమంటుందో వినపడేలోపే ఎవరో అట్టలు కావాలని పిలిచేవారు. టిక్కెట్లొచ్చాయి. సెలవు కాగితాల మీద సంతకాలయ్యాయి. గుడారం ముందుగదిలో విప్పి చూసుకుంటే, మడిచి మళ్ళీ సంచీలో పెట్టడానికి ఇంటిల్లిపాదికీ తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంకా పంతొమ్మిది రోజులుందనగా, ఒక బుధవారం, ఆ మ్యాపున్న అట్లాసు మలి ముద్రణ ఫారాలు కుట్టడానికొచ్చాయి. బైండరు కట్ట విప్పాడు. ఆ వేడి దేశం పేజీ అతనికి కళ్ళు మూసుకున్నా తెలుసు. తెరిచి చూశాడు. సరస్సు లేదు.

ఇంకో కాగితం తీశాడు, లేదు. పది తీశాడు. సరస్సు ఉండాల్సిన చోట మామూలు ఆకుపచ్చ అడవి, పక్కనుంచి వెంట్రుకంత వాగు. నది బుద్ధిగా కొండ కిందినుంచే పోతోంది. తేలే ఊరు నేల మీద ఉంది. రోడ్డు పొడిగా ఉంది. చివరి ఫారంలో, ఎక్కడో మంచు దేశం పేజీలో, ఎడమ చెవి ఆకారంలో అతని సరస్సు కనిపించింది. దానికి ఎప్పుడో పేరు పెట్టేశారు. పెద్ద అక్షరాలతో, ఈ చివరినుంచి ఆ చివరికి.

పాత మ్యాపు సంగతి చెబితే ప్రెస్సు మాస్టరు పడీ పడీ నవ్వాడు. "రంగు సరిగ్గా దిగేదాకా కొత్త కాగితం ఎవడు పాడుచేస్తాడయ్యా? పాడైన కాగితాలే మళ్ళీ మళ్ళీ మిషన్లోకి తోలతాం. దాని మీద ఒక దేశం నీలం పడి ఉంటుంది, ఇంకో దేశం నలుపూ పచ్చా పడి ఉంటాయి. పద్దెనిమిదేళ్ళనుంచి ఇలాంటివి ఏరి మూల పడేస్తున్నది నువ్వే కదా. నీకు తెలియదా?"

తెలుసు. అదే కదా ఏడుపు. ఇంకెవరి చేతిలో ఉన్నా ఆ కాగితాన్ని ఒక్క చూపులో పట్టేసేవాడు. నది కొండెక్కుతుంటే ఎవరికి అనుమానం రాదు? కానీ ఆ రోజు అతను కాగితం చూడలేదు, అడుగుతున్న పిల్లని చూశాడు. ఇప్పుడు సరస్సు లేకపోతే పడవ లేదు. పడవ లేకపోతే పిలుపు లేదు. పైగా అబద్ధాలకోరని తేలిపోతాడు.

చెప్పకుండా ఉందామనుకున్నాడు. అక్కడికెళ్ళాక, ఈ ఏడు ఎండిపోయినట్టుంది అంటే సరి. గురువారం అలాగే అనుకున్నాడు, శుక్రవారం కూడా. శనివారం పిల్ల కొత్త దారపుండ తెచ్చి చూపించింది, సరస్సు లోతు కొలవడానికట. అతను ఆ పూట అన్నం ముందునుంచి లేచిపోయాడు. ఒంట్లో బాగాలేదా అని భార్య అడిగితే, బాగానే ఉందన్నాడు.

ఆదివారం తెర లాగారు. అందరూ ఎక్కారు. పిల్ల ముందు చెక్క మీద రెండుసార్లు కొట్టింది. చీపురు కర్ర కదల్లేదు. మళ్ళీ కొట్టింది.

"ఆ సరస్సు అక్కడ లేదు," అన్నాడు బైండరు, పిల్ల వీపుతో. ముఖం చూస్తూ అయితే చెప్పలేకపోయేవాడు. "అది పాడైన కాగితం. వేరే దేశం నీలం దాని మీద పడింది. ఈదే బస్సులూ అవీ నేను కల్పించినవి. నువ్వు అడుగుతున్నావని నోటికొచ్చింది చెప్పాను."

పిల్ల వెనక్కి తిరగలేదు.

"తెలుసు," అంది.

"ఏంటి?"

"స్కూలు లైబ్రరీలో అట్లాసు చూశా. నాలుగు నెలలైంది."

బైండరు చీపురు కర్ర ఒళ్ళో పెట్టుకున్నాడు. "మరి చెప్పలేదేం?"

"చెబితే మీరు పడవెక్కడం మానేస్తారుగా," అంది పిల్ల. వేలితో సోఫా గుడ్డ మీద గీతలు గీస్తోంది. "మీకు తెలియదని కూడా తెలుసు. తెలిస్తే చెప్పేసేవారు."

గురు, శుక్ర, శనివారాలు మూడూ అతని కళ్ళ ముందు తిరిగాయి. సిగ్గేసింది. సంతోషమూ వేసింది. రెంటినీ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చీపురు కర్ర నిమురుతూ కూర్చున్నాడు.

"గుడారం అక్కడే వేద్దాం," అంది పిల్ల. "నీళ్ళుండాల్సిన చోటే. పక్కన వాగుంది, చూశా. బస్సు ఎక్కడ ఈదుతుందో అమ్మమ్మకి చూపిద్దాం."

"కిటికీ సీటు," అని గుర్తుచేసింది అమ్మమ్మ.

"వాగులో పడవ పోదు," అన్నాడు బైండరు. అసలు అడగాలనుకున్నది అది కాదు. చివరికి అసలుది కూడా అడిగేశాడు. "సరస్సు మధ్యకి ఇంక వెళ్ళలేం కదా."

పిల్ల వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. తెర ఊగింది. గోడల మీద పచ్చటి వెలుగు పైకీ కిందికీ మెల్లగా పాకింది.

"మనం ఎన్ని ఆదివారాలు తెడ్డేశాం?"

"ముప్పై పైనే."

"అయితే ఎప్పుడో మధ్యకి వచ్చేసుంటాం," అంది పిల్ల.

పుస్తకం తెరిచి, ఇంకా తేలనివి రాసుకున్న పేజీ తీసి, పెన్సిలుతో ఏదో రాసింది. మూసింది. నిటారుగా కూర్చుంది. చెక్క మీద కొట్టడానికి చెయ్యెత్తి, కొట్టలేదు. పెదనాన్న, చిన్నాన్న అన్నంత మామూలుగా, వెనక్కి తిరక్కుండా, పక్క గదికి కూడా వినపడేంత గట్టిగా పిలిచింది.

"పడవనాన్నా, ముందర రాయి ఉంది. ఎడమ పక్క వెయ్యి."

బైండరుకి ముందున్నదేదీ కనిపించడం లేదు. రాయీ లేదు, గదీ లేదు, అంతా నీళ్ళు.

"వెయ్యండి అల్లుడుగారూ, గుద్దుకుంటాం," అంది అమ్మమ్మ, తన దిండు గట్టిగా పట్టుకుని.

అతను ఎడమ పక్క వేశాడు.