ముత్యం అలక

పురిటికి మొగల్తూరు వస్తూ బట్టల పెట్టెతో పాటు ఎలుక పంజరం కూడా తెచ్చానని మా అమ్మ మహాలక్ష్మమ్మ కొన్నాళ్లు నాతో ముభావంగా ఉంది. తెల్ల ఎలుక. పేరు ముత్యం. మా ఆయన భీమవరంలో ఫార్మసీ కాలేజీ ల్యాబులో పనిచేస్తారు. అక్కడ ఎవరికీ అక్కర్లేక మిగిలిపోయిన ఎలుకపిల్లని జేబులో వేసుకుని ఇంటికి తెచ్చారు. పెళ్లయిన కొత్తలో, ముక్కూమొహం తెలియని ఆ వీధిలో, పగలంతా నాకు తోడు అదే.

"ఊరంతా ఎలకల మందు కొంటుంటే నా కూతురు ఎలకని పెంచుతోందండి," అని అమ్మ వచ్చిన వాళ్లందరికీ చెప్పేది. పేరు పెట్టి మాత్రం పిలిచేది కాదు. "ఆ పురుగు తిందా?" అనేది. అలా అని అడగడం ఏ పూటా మానలేదు.

ముత్యానికి నా గాజుల చప్పుడు చాలు. పంజరం తలుపు తీస్తే చేతి మీదుగా భుజమెక్కి, జడలో దూరి, పళ్లు మెల్లగా టకటకలాడించేది. సంతోషంగా ఉంటే అలా చేస్తుందని మా ఆయన చెప్పారు.

పాప పుట్టింది. బాలింతకి గాలి తగలకూడదని, పైగా ముసురని, అమ్మ గది కిటికీలన్నీ బిగించేసింది. పంజరం కూడా ఆ గదిలోనే. పాపకి నీళ్లు పోసిన ప్రతిసారీ కుంపట్లో కొబ్బరిచిప్పల నిప్పులు వేసి, సాంబ్రాణి, వాము, వెల్లుల్లి పొట్టు చల్లి, పాపని ఆ పొగ మీద ఆడించేది. నన్ను పెంచింది కూడా ఆ పొగేనని అమ్మకి గొప్ప. ఆ వాసనంటే నాకూ ప్రాణమే.

ఉన్నట్టుండి ముత్యం మారిపోయింది. పిలిస్తే రాదు. బొచ్చు నిక్కబొడుచుకుని మూలన ముడుచుకుంటుంది. ఓ రోజు చెయ్యి పెడితే కరిచేసింది. పాప వచ్చిందని అలిగిందనుకున్నాను. "పోవే, నీ అలక తీర్చే ఓపిక నాకు లేదు," అన్నాను. దాని కళ్లు ఎప్పుడూ గులాబీ రంగే. ఇప్పుడు కళ్ల చుట్టూ, ముక్కు కొసన, తెల్లటి బొచ్చు మీద నెత్తుటి మరకల్లాంటి ఎరుపు కనిపించింది.

అప్పుడే పాపకీ దగ్గు పట్టుకుంది. పాలు తాగుతూ తాగుతూ వదిలేసి రొప్పేది. ఛాతీ మీద చెవి పెడితే పిల్లికూతలు. డాక్టరు గారు ఇచ్చిన మందు వేస్తున్నా తగ్గలేదు.

పక్కింటి అచ్చాయమ్మ గారు పంజరంలోకి తొంగి చూసి బుగ్గలు నొక్కుకున్నారు. "కళ్లంట నెత్తురు కారుతుంటే ఇంకా పసిబిడ్డ దగ్గర ఉంచారేంటండీ! ఆ జబ్బే పిల్లకి అంటుకుంది."

పాప కంటే నాకేదీ ఎక్కువ కాదు. ఏడుస్తూనే, "తీసేయమ్మా," అన్నాను. ఆదివారం అల్లుడు గారొచ్చి పట్టుకుపోయేదాకా ఉంటుందని అమ్మ పంజరాన్ని పెరటి వసారాలో పెట్టింది. దగ్గుకి మంచిదని గదిలో పొగ ఇంకాస్త పెంచింది. పాప దగ్గు కూడా పెరిగింది.

శనివారం పొద్దున్న అమ్మ వసారాలో లేసు అల్లుకుంటూ, మధ్యలో లేచి ముత్యానికి అన్నం మెతుకులు పెట్టబోయింది. కెవ్వుమన్న కేక విని పరిగెత్తాను. ముత్యం అమ్మ భుజం మీదుంది. పళ్లు టకటకలాడిస్తోంది.

"కరుస్తుందేంటే?" అంది అమ్మ, ఊపిరి బిగబట్టి.

"కాదమ్మా, సంతోషం," అన్నాను. దాని మొహం మీద మరకల్లేవు. బొచ్చు మెరుస్తోంది.

లోపల పాప దగ్గింది. అమ్మ ముత్యాన్ని చూసింది, గదిని చూసింది. "జబ్బు దీనిదైతే ఇక్కడా ఉండాలి కదే. గదిలోంచి తీస్తే దీనికి నయమైంది. మరి పిల్ల ఇంకా గదిలోనే ఉందే!"

గుమ్మం దగ్గర కుంపటి పాప స్నానం కోసం రాజుకుంటోంది. ఇద్దరం ఒకేసారి దాని వంక చూశాం. అమ్మ చెంబుడు నీళ్లు తెచ్చి కుమ్మరించింది. వానకి ఉబ్బిపోయిన కిటికీ తలుపుల్ని చేత్తో గుద్ది గుద్ది తెరిచింది. "నా చేతులతో నేనే కదే," అని పాపని వసారాలోకి తెచ్చి గుండెకి హత్తుకుని భోరుమంది.

పొగ సంగతి చెబితే డాక్టరు గారు తలపట్టుకున్నారు. పొగ మాన్పించి మందు మార్చారు. రోజులు గడిచేకొద్దీ పాప మధ్యలో వదిలేయకుండా పాలు తాగడం మొదలుపెట్టింది.

డాక్టరు గారిని చూసిన మర్నాడే, ఆదివారం, మా ఆయన వచ్చి అంతా విన్నారు. "అది నెత్తురు కాదు. ఊపిరాడకపోయినా, బాధగా ఉన్నా ఎలకల కళ్లల్లో అలా ఎర్రటి నీరొస్తుంది," అన్నారు. అలక కాదన్నమాట. ఊపిరాడక కరిచింది. ముత్యాన్ని చేతిలోకి తీసుకుని, "నీ రుణం తీర్చుకోలేనే," అన్నాను. అంత మాట నేను దేవుడి గదిలో కూడా అనలేదు.

బారసాలకి అచ్చాయమ్మ గారొచ్చారు. తెరిచిన కిటికీ పక్కన పంజరం చూసి, "ఇంకా పంపించలేదేంటండీ?" అన్నారు.

పంజరం మీద తెల్లటి లేసు ముక్క కప్పి ఉంది. ఊహ తెలిసినప్పటి నుంచీ అమ్మ లేసు అల్లడం చూస్తున్నాను. అల్లిందల్లా అమ్మకానికి నరసాపురం పోయేదే, ఇంట్లో ఒక్క ముక్క మిగలడం ఎరగను.

"మా చిన్నమ్మాయినెక్కడికి పంపిస్తానండీ," అంది అమ్మ. పాపని ఉయ్యాల్లో వేసేముందు గిన్నెలో ఇంత పరమాన్నం తీసుకుని, గాజులు గలగలలాడిస్తూ పంజరం తలుపు తీసింది.

"ముత్యం! తిందువుగాని రా అమ్మా."