ముప్పై సెకన్ల సాక్ష్యం

మా సుకుమారి అత్తకు ఇచ్చిన ఉద్యోగం పేరు మా ఇంట్లో ఎవరికీ ఒక్కసారికి నోరు తిరగలేదు. చీఫ్ గ్రోత్ అండ్ టెక్నాలజీ ఆఫీసర్. ఉదయగిరిలో మా పేట ఆడవాళ్లు కొయ్య గరిటెలు చెక్కుతారు. వాటిని అమ్మే కంపెనీ ఆఫీసు ఆత్మకూరులో ఉంది. ఆ కంపెనీలో ఇంతకుముందు అలాంటి కుర్చీయే లేదు. వ్యాపారం పెంచాలి, పాత పనిలోకి కొత్త టెక్నాలజీ తేవాలి. చైర్మన్ వెంకటరమణయ్య గారు మూడు నెలలు గడువిచ్చారు. ఆ గడువు తీరే శనివారం మీటింగులో ఏదో ఒకటి పనిచేసి చూపిస్తే ఉద్యోగం ఖాయం. లేకపోతే ఆ కుర్చీ తీసేస్తారు.

"గ్రోతు ఆఫీసరంటే ఏందిమే?" అని అడిగింది లిదియమ్మ అవ్వ. గరిటెలు చెక్కేవాళ్లలో ఆమే పెద్ద.

"కంపెనీ ఎదిగేటట్టు చూసేది అవ్వా."

"నువ్వే నా భుజం దాకా లేవు. నువ్వేం ఎదిగిస్తావే!"

అత్త ఆలోచన ఇది. ప్రతి గరిటె కాడకు చిన్న కోడ్ అంటిస్తారు. కొన్నవాళ్లు దాన్ని ఫోనుతో స్కాన్ చేస్తే, ఆ గరిటె చెక్కినామె దాని గురించి చెప్పే మాటలు ముప్పై సెకన్లు వినిపిస్తాయి. ఆ మాటలు రికార్డు చేసే పని నాకు అప్పగించింది. నాకు భయం వేసింది. పదో తరగతి అయిపోయినా క్లాసులో నేను లేచి ఒక్క ప్రశ్న అడిగింది లేదు.

"నువ్వేం మాట్లాడబల్లేదు ఏంజెలిన్. మైకు వాళ్ల ముందర పెట్టు, చాలు" అంది అత్త.

అక్కడే తప్పు జరిగింది. మా పేట ఆడవాళ్లు మైకు ముందు నిలబడేది ఒక్కచోటే, ఆదివారం చర్చిలో, దేవుడు తమకు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పడానికి. లిదియమ్మ అవ్వ మైకు చూడగానే కొయ్య చెక్కే బాడిస పక్కన పెట్టింది. చేతులు కడుక్కుని, తలమీద కొంగు కప్పుకుని లేచి నిలబడింది.

"ప్రభువు నామమునకు స్తోత్రము. సంఘ పెద్దలకు వందనములు..."

అల్లుడు తాగుడు మానింది, తుఫానుకు గోడ పడినా తాను బతికింది, మోకాళ్ల నొప్పులు, అన్నీ చెప్పి పద్నాలుగు నిమిషాలకు ఆమెన్ అంది. నేనూ ఆమెన్ అన్నాను. సాక్ష్యం చెప్పేవాళ్లను మధ్యలో ఎవరు ఆపుతారు? ఆమెను చూసి మిగతావాళ్లూ కొంగులు కప్పుకున్నారు. సాయంత్రానికి ఇరవై రెండు సాక్ష్యాలు, నాలుగు పాటలు వచ్చాయి. గరిటె మాట ఒక్కదాంట్లోనూ లేదు.

ఆ గురువారం సాయంత్రం అత్త అవన్నీ విన్నది.

"ఏందే ఇది? బెంగుళూరులో ఎవురో సాంబారు కలబెట్టుకుంటా ఉంటే, అవ్వ మోకాళ్ల కోసం ప్రార్థన చెయ్యమంటాదా?"

కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. "ఎల్లుండే మీటింగు" అంది నెమ్మదిగా. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు డైరీలో ఒక్క వాక్యమే రాశాను: నేను ఆపి ఉండాల్సింది.

శుక్రవారం పొద్దున్నే మైకు ఇంట్లో వదిలేసి వెళ్లాను. ఫోను గరిటెల గంపలో అందరికీ కనబడేటట్టు పెట్టి, "రికార్డు అవతా ఉండాది" అని చెప్పాను. మైకు లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. లిదియమ్మ అవ్వ పక్కన కూర్చున్నాను. ఆమె చెక్కిన గరిటె ఒకటి చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, చివరికి అన్నాను.

"అవ్వా, ఇది వంకరగా ఉండాదే?"

బాడిస ఆగింది.

"వంకరా? కళ్లు యాడ పెట్టుకున్నావే? బాణలి అంచుకు అంటుకున్నది గీకాలంటే ఇట్టనే ఉండాల. నిటారుగా ఉంటే అది గరిటె కాదు, అయ్యవారి బెత్తం!"

అందరూ గొల్లుమన్నారు. నాకు ధైర్యం వచ్చింది.

"ఎన్నాళ్లు వస్తాది?"

"నీళ్లల్లో నానేసి వదిలేస్తే ఆర్నెల్లు. కడిగి ఆరబెట్టుకుంటే నీ మనవరాలు కూడా దీంతోనే కలబెడతాది. విరిగితే మాత్రం నన్ను అనబాకండి, మీ కోడల్ని అడగండి."

పక్కనున్న రాజమ్మత్తను అడిగాను, "మీది అవ్వదానికంటే పల్చన ఎందుకు?" అని.

"పల్చనైతేనే దోసె కిందికి పోతాది. అవ్వది గరిటెనా? దాంతో సోమశిల డ్యాములో పడవ నడపచ్చు!"

"నీదాంతో చెవి గుబిలి తీసుకోవచ్చులేమ్మే" అని అవ్వ తిప్పికొట్టింది.

ఇక నేను ఆగలేదు. మధ్యాహ్నానికి నలభై ఒక్క ప్రశ్నలు అడిగాను. సాయంత్రం అత్తా నేనూ మంచి ముక్కలు ఏరి, ఎవరివి వాళ్లకు వినిపించాం. కొంగు కప్పుకోకుండా మాట్లాడానే అని అవ్వ కాసేపు బాధపడి, మళ్లీ రెండుసార్లు వేయించుకుని విని, సరే అంది. రాత్రి భోజనాల లోపల కోడ్లు అంటించేశాం.

శనివారం అత్త నన్నూ ఆత్మకూరు ఆఫీసుకు తీసుకెళ్లింది. అక్కడ వెంకటరమణయ్య గారు అవ్వ గరిటె తీసుకుని తన ఫోనుతోనే స్కాన్ చేశారు. "వంకరా? కళ్లు యాడ పెట్టుకున్నావే?" అని ఫోను అరిచింది. ఆయన ఉలిక్కిపడి ఫోను దూరంగా పట్టుకున్నారు. బల్ల చుట్టూ ఎవరూ నవ్వలేదు. ఎన్నాళ్లు వస్తాదని నేనడిగిన ప్రశ్నతో సహా ఆయన చివరిదాకా విన్నారు. తర్వాత రాజమ్మత్త గరిటె స్కాన్ చేశారు. పడవ మాట దగ్గర నవ్వు ఆపుకుంటుంటే ఆయన పొట్ట కదలడం చూశాను.

"పడవంటాదా! దానికి ఆ ముసలామె ఏం చెప్పిందిమ్మా?"

"ఆ జవాబు అవ్వ చేసిన ఇంకో గరిటె మీదుంది సార్" అంది అత్త.

"అంటే అది కూడా కొనాల్నా?"

"అవును సార్. గ్రోత్ అంటే అదే."

ఆయన పగలబడి నవ్వారు. ఆ మూడో గరిటె కూడా విని, నవ్వుతూనే మినిట్స్ రాసే ఆయన వైపు తిరిగారు. "ఆ కుర్చీ ఉంచండబ్బయా, సుకుమారి పేరు రాయండి" అన్నారు. తర్వాత, "ఇంతకీ ఈ ప్రశ్నలు అడిగే పిల్ల ఎవురు?" అన్నారు.

అందరూ అత్త వైపు చూశారు. అత్త నా వైపు చూసింది.

"నేనే సార్" అన్నాను.

అత్త బల్ల కింద నా చెయ్యి గట్టిగా గిల్లింది. బస్టాండులో చెరుకురసం తాగేటప్పుడు చూసుకుంటే, అక్కడ ఇంకా ఎర్రగానే ఉంది.