కండెకు పెట్టిన గోళ్లు

ఆదివారం పొద్దున మా ఆయన అంబదాస్ అరుగు మీద కూర్చుని కాళ్లు చాపుతాడు. పిలవడు, అడగడు. ఆయన కాళ్లు చాపితే నేను నెయిల్ కట్టర్ పట్టుకుని రావాలి, పద్దెనిమిదేళ్లుగా అంతే. ఆయన ఫోన్లో వీడియోలు చూస్తుంటే నేను కింద కూర్చుని, నూనె మురికీ దూది నుసీ ఇరుక్కున్న ఆ పది గోళ్లు కత్తిరిస్తాను. తర్వాత మా అత్త కమలవ్వ కాళ్లు. ఆమెకు నడుం వంగదు, ఆమెకు చేయడానికి నాకు బాధ లేదు. ఈయన నడుముకు ఏం రోగమో ఇన్నేళ్లలో తెలియలేదు. సాంచా ఆగిపోతే మాత్రం దాని కిందికి దూరి మరీ బాగుచేస్తాడు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అనే అంటాం.

ఆ ఆదివారం ఫోన్ లోంచి తల ఎత్తకుండానే అన్నాడు. "గీ నెలాఖరు దాక చూస్తా. అటెనుక పార్లర్ బంద్. గోళ్లు గీకుడు అంత సోకైతే ఇంట్లనే ఇరవై గోళ్లున్నయి. గీకు."

అత్త నవ్వింది. నేను గోరు కత్తిరించాను.

ఆయనకు తెలియని సంగతి ఏమిటంటే, పార్లర్లో నన్ను ఎవరి గోరూ ముట్టనివ్వరు. ఏడాదిగా అక్కడ నా పని ఊడవడం, కాళ్లు నానబెట్టే బకెట్లు కడగడం, తువ్వాళ్లు మడతపెట్టడం. ఓనర్ మమతారాణి హైదరాబాద్‌లో మూడు వారాలు నేర్చుకుని వచ్చింది. సొంత గోరు మీద ప్లాస్టిక్ గోరు అతికించి, పైన జెల్ పూసి పొడుగు చేసే పని మా బజారులో ఆమెకు ఒక్కదానికే వచ్చు. "నాకూ జర నేర్పుండ్రి మేడం" అని ఒకసారి అడిగాను. నా చేయి తిప్పి చూసి వదిలేసింది. "గీ చేతులా? కస్టమర్లు జడుసుకుంటరు, అనసూర్యా."

నిజమే, నా చేతులు గరుకు. తొమ్మిదేళ్లప్పటి నుంచి కండెలు చుట్టాను. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న పుల్ల కండె, దానికి నూలు చుట్టేది ఆడవాళ్లు. చూపుడు వేలి మీద నూలు కోసిన గీత ఇప్పటికీ ఉంది. కండె లేకుంటే సాంచా ఒక్క జానెడు బట్ట కూడా నేయదు. అయినా ఈ బట్ట ఎవరు నేశారంటే సాంచా నడిపినవాడి పేరే చెబుతారు. ఇంట్లో నేను చుట్టిన కండెలకు కూలి ఎంతని ఎవరూ అనుకోలేదు. సిగ్గుచేటు, నేనూ అనుకోలేదు.

నేర్పకపోతే ఏం, కళ్లున్నాయి కదా. ఊడుస్తూ చూశాను. మమతారాణి పారేసిన ప్లాస్టిక్ గోళ్లు, అరిగిన ఫైళ్లు చెత్తబుట్ట లోంచి ఏరి తెచ్చుకున్నాను. ఖాళీ కండె తీసుకుని దానికి ఐదు గోళ్లు అతికించి, బియ్యం ఉడికేలోపు అరగదీసేదాన్ని. అత్త చూసి నోరు తెరిచింది. "కండెకు గోళ్లు పెడ్తున్నవా? లగ్గం గూడ చేస్తవా ఏంది దానికి?"

"పిలగాడు దొరికితే చేస్తా అత్తమ్మా" అన్నాను. నా పెళ్లికి ఇంత ఆలోచించారో లేదో.

ఆ కండె మీదే నాకు ఒకటి తెలిసింది. గోరుకు రెండు పక్కలా గోడలుంటాయి. అవి వేలితో సమానంగా, తిన్నగా ముందుకు రావాలి. లేకుంటే గోరు చాటలా కొసకు విచ్చుకుంటుంది. పక్కలు మరీ ఎక్కువ అరగదీస్తే, చర్మం దాటిన చోట పలచబడి అక్కడే విరుగుతుంది. విరుగుతుందనే భయంతో మమతారాణి పక్కలు ముట్టేది కాదు, కొస మాత్రం గుండ్రంగా చేసి సరిపెట్టేది. పైనుంచి చూస్తే అందంగానే ఉండేవి. మా బాపు చేమగ్గం నేసేటప్పుడు అనేవాడు, "మీదికెల్లి జూస్తె అన్ని అంచులు సక్కగనే కండ్లవడ్తయి బిడ్డా. కొసకు కన్ను ఆనించి జూడు" అని. గోళ్లనైతే అలా చూసినవాళ్లు మా పార్లర్లో లేరు.

గురువారం మధ్యాహ్నం కావ్య ఏడుపు మొహంతో వచ్చింది. మర్నాడు పొద్దునే ఆ పిల్ల పెళ్లి. ముందురోజే మమతారాణి దగ్గర పది గోళ్లు పెట్టించుకుంది.

"మేడం, పట్టుచీర పోగులన్ని లేస్తున్నయి. చేతులకు చాటలు కట్టుకున్నవా అని మా వదిన ఒక్కతీరు నవ్వుతుంది."

"అది మాడల్ కావ్యా. పైనుంచి చూడు, ఎంత మంచిగున్నయో. పరేషాన్ గాకు, జర కురచ చేస్తా." ఒక గోరు కొస తీసింది. చాట చిన్న చాట అయింది. కావ్య కళ్ల నీళ్లు బల్ల మీద పడ్డాయి.

చేతిలో చీపురుతోనే అన్నాను. "పొడుగు గాదు మేడం, పక్కలు."

"నీకేం ఎరుక? బకెట్ కాడికి పో."

"ఉండుండ్రి" అంది కావ్య. "ఏమన్నవక్కా?"

చీపురు గోడకు ఆనించాను. ఇది చెడితే కొలువు పోతుంది, అంబదాస్ మాట నెగ్గుతుంది, నేను చచ్చేదాకా ఆ ఇరవై గోళ్లే నాకు మిగులుతాయి. ఇవన్నీ అనుకుంటూనే కూర్చున్నాను. పిల్ల అరచేయి పైకి తిప్పి, వేలి కొసకు కన్ను ఆనించి చూపించాను. రెండు పక్కలా జెల్ రెక్కల్లా లేచి ఉంది. "అవ్వో!" అంది కావ్య. మమతారాణి కూడా వంగి చూసింది.

ఫైలును వేలికి సమానంగా, తిన్నగా పట్టాను. చర్మం దాటిన చోట ఒత్తకుండా మొదలుపెట్టి కొస దాకా ఒకే గీతగా లాగాను. తర్వాత కింది అంచు, ఆ వెనక రెండో పక్క. తెగబోయే నూలు వేలికి ముందే తెలుస్తుంది, అరగదీయడం ఎక్కడ ఆపాలో ఆ వేలే చెప్పింది.

ఒక చేయి అయ్యేసరికి గుమ్మంలో అంబదాస్. "ఇంటికి చుట్టాలొచ్చిండ్రు. చాయ పెట్టాలె, లే."

నేను తల ఎత్తలేదు. "చాయపత్త పొయ్యి పక్కన్నే ఉన్నది. ఇంకో చెయ్యి ఉంది నాకు."

"నిన్నే, అనసూర్యా!"

"అన్నా, జర పక్కకు జరుగు, ఎలుగు ఆగుతుంది" అంది కావ్య. ఆయన జరిగాడు. మా పెళ్లయ్యాక నా పని కోసం ఆయన జరగడం అదే మొదలు. కాసేపు నిలబడి చూసి, వెళ్లిపోయాడు.

పదో వేలు అయ్యాక కావ్య పట్టుకొంగు తీసి గోళ్ల మీదుగా అటూ ఇటూ లాగింది. ఒక్క పోగు లేవలేదు. నా గరుకు చేతిని రెండు చేతులతో పట్టుకుని, "లగ్గమైనంక మా చెల్లెండ్లను తోలుతా, నువ్వే పెట్టాలె" అంది.

ఆ పిల్ల వెళ్లాక మమతారాణి ఫైళ్ల పళ్లెం నా ముందుకు జరిపింది. "రేపటి సంది నువ్వు గీ కుర్సీల కూసో. మరి బకెట్లు?"

"ఎవల బకెట్ వాళ్లం కడుక్కుందాం మేడం."

ఆదివారం అంబదాస్ మళ్లీ కాళ్లు చాపాడు. నెలాఖరు అదే. నేను నెయిల్ కట్టర్ తెచ్చి ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. పార్లర్ ఊసెత్తలేదు. అత్త గోళ్లు అప్పటికే కత్తిరించాను. ఆమె ఈసారి కాళ్లు తీసేసుకుని చేయి చాపింది. "కండెకు పెట్టినసొంటివి నాకూ పెడ్తవా?"

"పెడ్తా అత్తమ్మా, అచ్చినంక. పదింటికి నాకు ఇద్దరొస్తున్నరు."

చెప్పులేసుకుని గేటు దాటుతుంటే వెనక టక్కుమని చప్పుడైంది. పద్దెనిమిదేళ్లలో ఆయన గోరు ఆయనే కత్తిరించుకున్న మొదటి చప్పుడు.