నన్ను హుండీ అనుకున్నారు

నేను ఒక రేకు డబ్బాను. నూనె నింపుకొని కనిగిరి వైపు ఒక ఊళ్లో ఓబులు శెట్టి కొట్టుకు చేరాను. నూనె అయిపోయాక శెట్టి నన్ను పారెయ్యలేదు. పారెయ్యడం అనేది ఆయన వంశంలోనే లేదు. పైన సన్నగా చీలిక కోయించి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, తిరుపతి హుండీ చేశాడు. సరుకు కొన్నవాళ్లు చిల్లర నాలో వేసి, కళ్లు మూసుకొని కోరిక చెప్పుకొనేవాళ్లు. వ్యాపారం నేను అక్కడే నేర్చుకున్నాను. దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నవాడు తక్కెడ వైపు చూడడు. అందుకే శెట్టి నన్ను తక్కెడ పక్కనే ఉంచేవాడు.

శెట్టి ముసలివాడై కొట్టు మూసేస్తున్నప్పుడు హైస్కూల్లో సోషల్ చెప్పే జిలానీ సారు వచ్చాడు.

"శెట్టిగారూ, ఆ డబ్బా ఇస్తారా? పిల్లలకి ఓట్ల పాఠం చెప్పాల."

"తీసుకోవయ్యా. సామి సొమ్ము కొండకి పంపిచ్చేశా. రేకు ఏ దేవుడిదీ కాదు."

అలా చేతులు మారాను. కొత్త యజమాని నాకు నచ్చాడు. సరుకు చూపించకుండా బేరం చేసే రకం కాదు. సంత పాఠం వస్తే పిల్లల్ని సంతకే తీసుకెళ్లేవాడు. నదుల పాఠం వస్తే వరండాలో సుద్దముక్కతో దేశాన్ని గీసి, నాసిక్ దగ్గర నుంచి గోదావరి వెంట నడిపించేవాడు. హెడ్మాస్టరు సుదర్శనం గారికి మాత్రం ఇది మింగుడుపడేది కాదు. "జిలానీ గారూ, సోషల్ అంటే నోట్సు చెప్పాలి, రాయించాలి. పిల్లకాయల్ని ఊరేగించడం కాదు" అనేవారు.

క్లాసు లీడరు ఎన్నిక రోజున సారు నన్ను ఏడో తరగతి బల్ల మీద పెట్టి, తెల్ల చీటీలు పంచాడు. అంతలో హెడ్మాస్టరు పిలుస్తున్నారని కబురు. "కూర్చోండి, వచ్చి చెబుతా" అని వెళ్లాడు. సరుకు ముందు పెట్టి, వాడకం చెప్పకుండా వెళ్లకూడదు. మాలకొండయ్య అనే గడుగ్గాయి నన్ను గుర్తుపట్టేశాడు.

"ఒరే, ఇది శెట్టి కొట్లో హుండీ రా! మా నాయనమ్మ దీంట్లోనే ఏసేది. కోరిక రాసి ఏస్తే తీరుద్ది."

ఇంకేముంది! వరస కట్టారు. చీటీ వెయ్యడం, లెంపలు వాయించుకోవడం. ఒకడైతే నా చుట్టూ ప్రదక్షిణం కూడా చేశాడు.

సారు వచ్చి నన్ను బోర్లిస్తే ఒక్క ఓటూ రాలలేదు. "క్రికెట్ బ్యాటు." "మా బర్రె ఈనాలి." "లెక్కల సారుకి బదిలీ." క్లాసంతా నవ్వింది. సారు నవ్వుతూనే ఇంకో చీటీ విప్పి, నవ్వు ఆపి చదివాడు. "సామీ, ఈయేడు నన్ను మిరపకోతకి తీసకపోకుండా చూడు. పరీక్షలు రాసుకుంటా."

ఆ ఊళ్లో సంక్రాంతి దాటితే సగం ఇళ్లకు తాళాలు పడతాయి. తల్లిదండ్రులు గుంటూరు వైపు మిరపకాయలు కొయ్యడానికి వెళ్తారు. వెంట వెళ్లిన పిల్లలు చాలామంది మళ్లీ బడికి రారు.

సారు చీటీలు చించలేదు, తిట్టలేదు. మూడు చాపలు పరిపించాడు. "ఇది ఇల్లు. ఇది పంచాయతీ. ఇది సర్కారు. ఏ కోరిక ఎవరు తీర్చాలో ఆ చాప మీద పెట్టండి. మిగిలినవే దేవుడికి."

బర్రె చీటీ దేవుడికి పోయింది. మాలకొండయ్య మిరపకోత చీటీని 'ఇల్లు' అన్న చాప మీద పడేశాడు. "వాళ్లమ్మకి చెప్పుకోవాల సార్. ఇంటి సంగతి."

అప్పుడు తిరుపాలమ్మ లేచింది. ఆ చీటీ ఆ పిల్లదే. "మా అమ్మకి నన్ను తీసకపోవాలని ఉందా యేంది? ఇంట్లో ఒక్కదాన్నే ఉంటే నాకు కూడెవురు పెడతారు? నువ్వు పెడతావా?"

వెనక నుంచి ఇంకో పిల్ల అంది. "మా మేనత్తోళ్ల ఊళ్లో కోతకి పోయినోళ్ల పిల్లలకి బళ్లోనే అన్నం, పడకా పెట్టారు సార్. పంచాయతీ తీర్మానం రాసి పంపితే సర్కారు ఇచ్చిందంట."

మాలకొండయ్య తనే వంగి, చీటీ తీసి పంచాయతీ చాప మీద పెట్టాడు.

ఆ తర్వాతే అసలు ఓటు జరిగింది. లీడరు ఎవరని కాదు, గ్రామసభకు తీసుకెళ్లాల్సిన కోరిక ఏదని. తిరుపాలమ్మ చీటీ గెలిచింది గానీ ఆటస్థలం కావాలన్న చీటీ దానికి చెమటలు పట్టించింది. మనుషుల దయ మీద నాకు పెద్ద భ్రమలు లేవు. అయినా గెలుపు గెలుపే.

గ్రామసభకు సారు నన్ను కూడా చంకన పెట్టుకొచ్చాడు. ప్రెసిడెంటు పిల్లల్ని చూసి మీసం సవరించుకున్నాడు. "ఏంది జిలానీ, ఓట్లు లేనోళ్లని తోలుకొచ్చావు?"

సారు నోరు తెరిచేలోగా తిరుపాలమ్మ ముందుకొచ్చింది. "ఓట్లున్నోళ్లంతా కోతకి పోయేదానికి మూటలు కట్టుకుంటన్నారు తాతా. అందుకే మేమొచ్చాం."

సభలో నవ్వులు లేచాయి. ప్రెసిడెంటు నవ్వలేదు. మూటలు కడుతున్నవాళ్లంతా తనకు ఓటేసినవాళ్లేనని లెక్క తట్టినట్టుంది. అక్కడికక్కడే తీర్మానం రాయించాడు. బడిలో ఖాళీ గది వలస పిల్లల వసతి అయింది. తన ప్రోత్సాహంతోనే ఇదంతా జరిగిందని సుదర్శనం గారు పైకి నివేదిక పంపారు. పంపనీ. సరుకు అమ్ముడుపోయాక బోర్డు మీద ఎవరి పేరుంటేనేం?

ఇప్పుడు నేను బీరువా మీద ఉన్నాను. అంచులు తుప్పు పట్టాయి. పాత ఇనుప సామాన్లవాడు వస్తే నన్ను తూకానికి అడుగుతాడు. పాపం, వాడి కాటాలో రేకు ఒక్కటే తూగుతుంది. నా వెల కట్టాలంటే ఒక ఉదయం గురించి తెలియాలి.

ఆ ఉదయం మిరపకోత లారీ బడి గేటు ముందు ఆగింది. తిరుపాలమ్మ తల్లి దిగి, బట్టల సంచి కూతురి చేతికిచ్చి, తల నిమిరి, మళ్లీ లారీ ఎక్కింది. లోపల సారు హాజరు పిలుస్తున్నాడు. తిరుపాలమ్మ సంచితో వచ్చి తన చోట కూర్చుంది. లారీ కదిలింది. తిరుపాలమ్మ పేరు దగ్గర సారు ఆగి కిటికీ వైపు చూశాడు. ఆ పిల్ల అటు చూడలేదు. లారీ మీదున్న తల్లికి కూడా వినబడేటట్టు అరిచింది.

"ప్రెజెంట్ సార్!"