రిపోర్టు వచ్చిందా

నేను రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్ని. పొద్దున డ్యూటీకి ముందు ఓ గంట, సెలవునాడు ఇంకో రెండు గంటలు కూర్చుని చిన్న చిన్న వెబ్ యాప్‌లు రాస్తుంటాను. పుస్తకాలు ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్న పని.

మా కౌంటర్ దగ్గర జనం రోజంతా అడిగేది ఒకటే మాట: "రిపోర్టు వచ్చిందా?" అందుకని ఒక పేజీ చేశాను. చీటీ మీది నంబరు కొడితే వచ్చిందనో రాలేదనో చెబుతుంది. అంతే.

మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, పెద్ద కంపెనీలో పెద్ద హోదా. ఆయన కోడ్ రాసి పదేళ్లయింది. ఇప్పుడు రాసేవాళ్లని కూర్చోబెట్టి మీటింగులు పెడుతుంటారు. ఒకసారి మా ఇంటికి భోజనానికొచ్చి నా పేజీ చూసి పెదవి విరిచారు.

"ఇంతేనా? లాగిన్ ఏదమ్మా? డ్యాష్‌బోర్డు ఏది?"

"ఎవరికి బావగారూ?"

"విజన్ లేకపోవడమంటే ఇదే."

ఆ విజన్ని తిన్నగా మా ల్యాబు నడిపే డాక్టరుగారి దగ్గరికి మోసుకెళ్లారు. హోదా చూసి ఆయన మెత్తబడ్డారు. నా పేజీ తీసేయమన్నారు. తీసేశాను.

నాలుగు నెలలకి బావగారు చేయించిన పోర్టల్ దిగింది. తెరవగానే తెల్లకోటు అమ్మాయి నవ్వుతూ ఉంటుంది. తర్వాత పేరు, ఈమెయిలు, పుట్టినతేదీ, పాస్‌వర్డు. నంబరు కొట్టే గడి ఎక్కడుందో నాకే ఓ పట్టాన దొరకలేదు.

మొదటిరోజే ఓ పెద్దాయన కిటికీలోంచి ఫోను లోపలికి చాపాడు. "పుట్టినరోజెందుకమ్మా దీనికి? నేనిచ్చింది రక్తమేగా."

ఆయన వెనక వరస మెట్లదాకా పాకింది. బావగారికి ఫోన్ చేస్తే, "జనానికి ట్రైనింగ్ ఇవ్వాలి" అన్నారు. ఖాళీ కడుపుతో వచ్చి సూది పొడిపించుకున్నవాళ్లకి ట్రైనింగట.

మూడోరోజు ఆ వరసని దాటుకుని తన గదిలోకి వెళ్లడం డాక్టరుగారికే గగనమైంది. నన్ను పిలిచి, గోడకేసి చూస్తూ, "నీ పాతది ఉందా?" అన్నారు. మధ్యాహ్నానికల్లా పెట్టేశాను. మర్నాటికి కౌంటర్ ముందు నలుగురైదుగురు మిగిలారు.

ఆ ఆదివారం బావగారు మళ్లీ భోజనానికొచ్చారు. "మొదట్లో సింపుల్‌గానే ఉంచమని నేనే చెప్పానురా" అని తమ్ముడికి వివరిస్తున్నారు. మా ఆయన పప్పు గిన్నె తనవైపు లాక్కున్నారు.

తర్వాత నావైపు తిరిగారు. "ఆ కోడ్ ఒకసారి పంపమ్మా, సర్దిపెడతాను."

"రెండొందల లైన్లే బావగారూ. చదవడం ఇంకా గుర్తుందంటే పంపిస్తాను."

ఆయన మంచినీళ్లడిగారు. కూజా ఆయన మోచేతి పక్కనే ఉంది. నేను తింటూనే ఉన్నాను.