తాళం వెనక తెర

నేను ఒక తెరనండీ. నాటకాల తెరను కాదు, కోర్టు తెరను. ఆడపిల్ల తనకు జరిగిన ఘోరం చెప్పుకునేటప్పుడు ముద్దాయి మొహం కనపడకూడదని ఇనుప చట్రానికి పచ్చగుడ్డ బిగించి నన్ను తయారుచేశారు. నన్ను తెచ్చిన రోజు రిబ్బను కత్తిరించారు, ఫొటోలు దిగారు, పకోడీలు తిన్నారు. ఆ నూనె చేతులు తుడుచుకున్నదీ నాకే. ఆ తర్వాత, గుడ్డ మాసిపోతుందని కోర్టు హాలు పక్కన సామాన్ల గదిలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి కోర్టు సామాన్లు చూసుకునే నాజరు గారి జేబులో ఉంటుంది. ఆయన సెలవు పెడితే దానికీ సెలవే.

ఎస్తేరు కేసు అలా నా నెత్తిన పడింది. పత్తి మిల్లులో పనిచేసే పిల్ల. తనను చెరిచిన సూపర్‌వైజరు మీద కేసు పెట్టింది. ఆమె సాక్ష్యానికి వచ్చినప్పుడల్లా ముద్దాయి వకీలు పానకాలరావు గారు లేచేవారు. "తెర లేకుండా నిలబెడతారా? ఆడపిల్ల గౌరవం ఏం కావాలి?" అని కన్నీళ్లు పెట్టుకున్నంత పని చేసేవారు. నాజరు గారు ఊళ్లో ఉండేవారు కాదు. మళ్లీ వాయిదా. నా మీద అంత భక్తి నన్ను కుట్టిన దర్జీకి కూడా లేదు.

ఒక వాయిదా రోజు నా కిటికీ కిందే నిలబడి ఎస్తేరు మేనత్త సౌభాగ్యమ్మతో అంది. "ఇంక నా వల్ల కాదత్తా. ఇక్కడికొచ్చి వెళ్తే నాకు నిద్రే ఉండట్లేదు. రాజీ పడిపోతాను."

లోపల నేను, బయట ఆ పిల్ల, మధ్యలో ఒక తాళం.

"ఇంకొక్కసారి రావే తల్లీ, తెర సంగతి నేను చూసుకుంటా," అంది సౌభాగ్యమ్మ.

తర్వాతి వాయిదా రోజు నాజరు గారు ఎవరిదో పెళ్లికెళ్లారు. పానకాలరావు గారు మళ్లీ ఆడపిల్ల గౌరవం ఎత్తుకున్నారు. సౌభాగ్యమ్మ సంచిలోంచి పూల దుప్పటి తీసిందట.

"తెర నేను తెచ్చానయ్యా. ఉతికిందే."

"అది కోర్టు సామాను కాదండీ," అన్నారు వకీలు గారు.

"మీరడిగింది తెరే కదా," అన్నారు కొత్తగా వచ్చిన జడ్జి గారు.

ఒక కొస సౌభాగ్యమ్మ, రెండో కొస మహిళా కానిస్టేబులు పట్టుకున్నారట. ఎస్తేరు మొదట్లో ఒక్కో మాటే చెప్పింది. కాసేపటికి కుదురుకుంది. భోజనాల వేళ దాటినా చెబుతూనే ఉంది. ఆ చేతులు ఎంత లాగేసి ఉంటాయో గానీ, దుప్పటి దించారన్న మాట నాకు వినపడలేదు.

సూపర్‌వైజరుకు శిక్ష పడింది. మొన్న తనిఖీకి పెద్దవాళ్లొస్తే నన్ను బయటికి తీసి, దులిపి, ఫొటో తీసి, మళ్లీ తాళం వేశారు. చాలా బాగున్నానని రాసుకున్నారట.

దుప్పటిని మాత్రం సౌభాగ్యమ్మ ఇంటికి తీసుకుపోయింది. ఎస్తేరు దాన్ని కప్పుకుని తెల్లారేదాకా నిద్రపోతోందని వరండాలో కానిస్టేబులుకు చెబుతుంటే విన్నాను.